పాండురంగారావు చెయ్యి

పానాతో ఫిల్టరు గిన్నె మీద రెండు దెబ్బలు వేసి, పాండురంగారావు ఎడమ చెవిని ఇంజను వైపు తిప్పాడు. కుడి చెవి పని మానేసి చాలా కాలమైంది. మిగిలిన ఆ ఒక్క చెవిలోకి కూడా ఇంజను మోత దూరినంత సులువుగా మనిషి మాట దూరదు. మోత బాగానే ఉంది. కాలువలో, వల ఇంకా బోటు మీదే ఉండి, నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. చిక్కంతా లోడు పడ్డప్పుడే.

"ఇయ్యాల గనక ఏషాలేశావో, ముక్కలు చేసి పాత ఇనుముకి ఏసేత్తా," అని దానికి చెప్పి, మూడో దెబ్బ కూడా వేశాడు.

అతనిది యాభై దాటిన ఒళ్ళు. పొట్టి మనిషి, మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. మోచేతుల నుంచి మణికట్ల దాకా పొగగొట్టం కాల్చిన మచ్చలు. కుడి చూపుడు వేలికి గోరు లేదు. ఆ కుడి చెయ్యి మిగతా ఒంటికంటే ఒక సైజు పెద్దదిగా కనబడుతుంది; పానా ఉన్నా లేకపోయినా ఎప్పుడూ సగం ముడిచే ఉంటుంది. నిజాంపట్నం హార్బరులో అతని గురించి ఎవర్నయినా అడిగితే పనితనం గురించి ఒక మాట, చెయ్యి గురించి పది మాటలు చెబుతారు.

మీసాలు రాకముందే రేపల్లె నుంచి తెనాలి వెళ్ళి ఒక డీజిల్ ఇంజన్ల షాపులో చేరాడు. అక్కడి మేస్త్రి నోటితో ఏదీ నేర్పలేదు. బోల్టు తప్పు మరలో ఎక్కిస్తే వేళ్ళ మీద పానా. డీజిల్ ఉందో లేదో చూడకుండా ఇంజను విప్పితే చెవి మీద అరచెయ్యి. ఆ రెండో పాఠంలోనే చెవి పోయింది. పాఠం మాత్రం పోలేదు. ఈనాటికీ ఇంజనుకి ఏ జబ్బు చేసినా ముందు ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి చూసి, ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. దెబ్బలు తినబట్టే తనకి పని వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాడు. ఆ లెక్కన ఇంట్లో అతని భార్య నాగరత్నానికి లోకంలో ఉన్న పనులన్నీ వచ్చి ఉండాలి. కిందటేడు ఆమె దవడ వాచి నోరు తెరవలేకపోతే బాపట్లలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. స్నానాలగదిలో జారి పడ్డానని డాక్టరుకి చెప్పింది ఆవిడే. తిరుగుప్రయాణంలో బస్టాండు దగ్గర నిమ్మసోడా కొనిచ్చాడు. దవడ కదలక ఆమె తాగలేకపోతే, విసుక్కుని తనే తాగేశాడు.

బోటు అతనిది కాదు. తెనాలిలో పొలాలూ రైసుమిల్లూ ఉన్న కృష్ణకాంత్‌ది. సూర్యలంక బీచిలో మోకాలి లోతు తప్ప సముద్రం ఎరగని మనిషి, ఎవరో లాభం ఉంటుందంటే కొన్నాడు. వేట నిషేధం నెలల్లో బోటుని ఒడ్డుకి ఎక్కించి, అడుగు చెక్కలు మార్పించి, ఇంజను విప్పించి బిగించి, బోటంతా నీలం రంగు కొట్టించారు. తీరా సముద్రంలోకి దిగాక, వల బరువు పడగానే ఇంజను నీరసించిపోతోంది. మొదటి వేటా అంతే, రెండో వేటా అంతే. ఐసు కరిగిన నీళ్ళు పారబోసుకుని తిరిగి వచ్చారు. నిన్న సాయంత్రం కృష్ణకాంత్ ఫోను చేశాడు.

"పాండూ, ఇంజను కొత్తదానిలా చేయించాను. ఇంక లోపం ఎవరిలో ఉన్నట్టు? రేపు కూడా ఖాళీగా వస్తే ఓడరేవు ఊరి నుంచి వేరే డ్రైవరు వస్తాడు."

"అట్టాగేనండి," అన్నాడు పాండురంగారావు. ఫోను జేబులో పెట్టుకుని పక్కనున్న ఐసుపెట్టెని కాలితో తన్నాడు. ఈ ఉదయం ఆ బొటనవేలు వంకాయలా ఉంది. ఈ వయసులో బోటు పోతే ఇంకో బోటు దొరకదని అతనికి తెలుసు. అతని చెయ్యి గురించి హార్బరంతటికీ తెలుసు కాబట్టి అసలే దొరకదు.

బోటు మీద ఉన్నది నలుగురు. చుక్కానీ, ఇంజనూ పాండురంగారావువి. వల పని అజయ్ బాబు, కిరణ్ కుమార్ అనే అన్నదమ్ములది. నాలుగోవాడు చెంచురామయ్య, నాగరత్నం తండ్రి. వల లాగే ఓపిక పోయాక వంట చేస్తాడు, డీజిల్ పట్టిస్తాడు, బోటు కడుగుతాడు. అల్లుడు తన కూతుర్ని కొడతాడని తెలుసు. ఆ అల్లుడికే రోజూ వండి పెడతాడు. ముసలివాణ్ణి ఇంకే బోటూ ఎక్కించుకోదు మరి.

కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు బోటుని ఎత్తి ఎత్తి కొట్టాయి. ముందు భాగం గాల్లోకి లేచి, దభీమని నీళ్ళ మీద పడినప్పుడల్లా చెక్కలు విరిగినంత చప్పుడు. కిరణ్ కుమార్ కాలు జారి అంచుకి కొట్టుకున్నాడు, పెదవి చిట్లింది. రక్తం ఉమ్మేసి, లేచి, మళ్ళీ తాడు పట్టుకున్నాడు. అక్కడ ఇంజను ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగితే బోల్తా కొడుతుంది. అది ఆగలేదు. వల నీళ్ళలో లేదు కాబట్టి ఆగలేదు.

ఒడ్డు సన్నటి గీతలా కనిపించే దూరంలో వల దించారు. ఇనుప తాళ్ళు బిగుసుకున్నాయి. పాండురంగారావు రేసు పెంచాడు. ఇంజను గట్టిగా అందుకుంది. కాసేపు వలని బాగా లాగింది. తర్వాత, సరిగ్గా నిన్నటిలాగే, మొన్నటిలాగే, దాని గొంతు పడిపోయింది. పొగగొట్టం వైపు చూశాడు. పొగ నల్లబడితే మోయలేని బరువు మోస్తోందని అర్థం. ఇది నల్లబడటం లేదు, పల్చబడుతోంది. అంటే ఇంజనుకి తిండి అందడం లేదు. ట్యాంకు నుంచి ఇంజను దాకా డీజిల్ వచ్చే దారిలో ఎక్కడో ఏదో అడ్డం పడుతోంది.

చుక్కాని అజయ్ బాబుకి అప్పగించి కిందికి దిగాడు. ట్యాంకు మూత తీసి కర్ర ముంచాడు. సగానికి పైగా ఉంది. ఫిల్టరు మార్చాడు. గొట్టాల్లో గాలి తీశాడు. వేడి నట్టు మణికట్టుకి తగిలి చర్మం ఊడొచ్చింది. బూతు తిట్టి, ఆ నట్టునే పానాతో కొట్టాడు. ఇంజను వేసి రేసు ఇచ్చేసరికి దద్దరిల్లింది.

"సూశారంట్రా! ఫిల్టరే," అని పైకి అరిచాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వల అడుగున బురదని పట్టుకుంది. తాళ్ళు కిర్రుమన్నాయి. సరిగ్గా బలం కావలసిన ఆ సమయంలోనే ఇంజను మళ్ళీ చచ్చుబడింది. వల బోటుని వెనక్కి ఈడ్చింది, వెనక భాగం కుంగింది, అల ఒకటి వెనకనుంచి ఎక్కి నలుగురినీ నడుముల దాకా ముంచింది. అజయ్ బాబు వల తాళ్ళు చుట్టే వించి వదిలెయ్యబోతే తాడు అతని అరచేతిని కోసుకుంటూ పోయింది. ఎలాగో వల పైకి తెచ్చారు. బురద, నాచు, పిల్లపీతలు. బురదలో కొట్టుకుంటున్న వంజరం చేప మాత్రం ఒకటుంది. చెంచురామయ్య దాన్ని తోక పట్టి వెనక్కి తీసుకుపోయాడు.

పాండురంగారావు మళ్ళీ దిగి, మళ్ళీ మూత తీసి, మళ్ళీ కర్ర ముంచాడు. ఈసారి ఫిల్టరు గిన్నె అరచేతిలో వంచి చూశాడు. పసుపుపచ్చటి డీజిల్లో నాలుగు నీటిబొట్లు పూసల్లా దొర్లాయి. తొలకరి రోజుల్లో ఏ ట్యాంకులోనైనా అంత చెమ్మ ఉంటుంది. మరో రోజైతే లుంగీకి తుడిచేసి ఊరుకునేవాడు. అదే క్షణంలో ఫోను మోగింది.

"ఏమైంది?" అన్నాడు కృష్ణకాంత్.

"ఫిల్టర్లో నీళ్ళున్నాయండి."

"నీళ్ళా? అంటే ఎవడో డీజిల్ అమ్ముకుని నీళ్ళు పోస్తున్నాడన్నమాట. డీజిల్ పట్టించేది ఎవరు?"

"మా మావేనండి."

"బాగుంది. అల్లుడు నడిపేది, మామ అమ్మేది. సాయంత్రం హార్బరుకి వస్తున్నా. ఈలోగా నువ్వు తేలుస్తావో, నేనొచ్చి తేల్చాలో చూసుకో."

పాండురంగారావు పైకి వచ్చేసరికి చెంచురామయ్య వించి పక్కన గొంతుక్కూర్చుని చేప పొలుసు తీస్తున్నాడు. కాళ్ళ ముందు అల్లుడి నీడ పడితే తలెత్తాడు.

"ఎంతకమ్మావు మావా?"

"ఏంటి అల్లుడా?"

"డీజిలు. ఎంతకమ్ముకుని నీళ్ళు పోశావు?"

"ఎవరన్నారయ్యా? గంగమ్మ తోడు, సుక్క కూడా..."

మిగతాది పాండురంగారావుకి వినపడలేదు. వినాలనీ అనుకోలేదు. అరచెయ్యి ముసలివాడి చెంప మీద పడింది. లేవబోతే డొక్కలో మోకాలు దిగింది. తాడు పట్టుకుని నిలబడ్డవాణ్ణి పిడికిలితో గుద్దాడు. ఆ గుద్దులో ముసలివాడి మీద కోపం కొంచెమే. కృష్ణకాంత్ మీదా, ఓడరేవు నుంచి రాబోయే డ్రైవరు మీదా, ఇంజను మీదా ఉన్నదంతా దాంట్లోనే పడింది. అప్పుడే బోటు ఒరిగింది. చెంచురామయ్య తల వెనక్కి వెళ్ళి వించి ఇనుప చక్రానికి కొట్టుకుంది. ఆ చప్పుడు పాండురంగారావు ఒంటి చెవికి కూడా వినపడింది.

"అన్నా, సచ్చిపోతాడు, ఒదిలెయ్!" అని అజయ్ బాబు వెనకనుంచి పట్టుకున్నాడు. అతనికీ మోచేత్తో ఒకటి పడింది.

కూలబడిన చెంచురామయ్య నెమ్మదిగా లేచాడు. చెవి వెనక తడుముకుని వేళ్ళు చూసుకున్నాడు. రక్తం లేదు. రక్తం రాని దెబ్బని పాండురంగారావు అసలు దెబ్బగానే లెక్కెయ్యడు. "నేను కలపలేదయ్యా," అని ముసలివాడు ఒక్క మాట మాత్రం అన్నాడు. కింద పడ్డ చేపని నీళ్ళలో కడిగి, పొయ్యి ఉన్న చిన్న గదిలోకి వెళ్ళిపోయాడు.

గిన్నె తుడిచి, నీటిబొట్లు పారబోసి, గాలి తీసి ఇంజను వేస్తే ఉరిమినట్టు అందుకుంది. పాండురంగారావుకి మనసు కుదుటపడింది. దొంగ దొరికాడు, శిక్ష పడింది, ఇంజను బాగుపడింది. సాయంత్రం కృష్ణకాంత్‌కి చెప్పడానికి అంతా వరసగా ఉంది. మళ్ళీ వల దించమన్నాడు.

వంటగదిలోంచి పులుసు వాసన వచ్చింది. కొంతసేపటికి చెంచురామయ్య బయటికి వచ్చి, అంచు పట్టుకుని సముద్రంలోకి వాంతి చేసుకున్నాడు.

"ఏంటి పెదనాన్నా, ఇన్నాళ్ళకి నీక్కూడా సముద్రం పడటంలేదా?" అని కిరణ్ కుమార్ చిట్లిన పెదవితోనే నవ్వాడు.

"తల దిమ్ముగా ఉందిరా. కూర దించేశాను. కాసేపు నడుం వాలుస్తా," అన్నాడు ముసలివాడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది. పాండురంగారావు చుక్కాని దగ్గరనుంచి చూశాడు. నాటకాలు, అనుకున్నాడు.

వలలో బరువు పెరిగింది. ఈసారి అది బురద కాదు. తాడు అదురుని బట్టి అన్నదమ్ములిద్దరికీ తెలిసిపోయింది. "చేప పడిందన్నా, వదలొద్దు, లాగించు!" అని అరిచారు. పాండురంగారావు రేసు చివరికంటా నొక్కాడు. ఇంజను ఒకసారి మూలిగి, దిగజారి, దిగజారి, ఉత్త టుకుటుకుకి వచ్చింది.

పాండురంగారావు కిందికి ఉరికాడు. నీళ్ళు లేవు. నీళ్ళు తీసేశాడు. తీసేసి, ఆ నీళ్ళ కోసం ఒక మనిషిని కొట్టాడు కూడా.

కింద ట్యాంకు మూత పట్టేసి రాలేదు. సుత్తితో నాలుగు వేస్తే కదిలింది. నోట్లో బీడీ ఉంది. మూత వదులు కాగానే బీడీ పొగ పైకి పోవలసింది కిందికి వంగి, ట్యాంకు నోట్లోకి జరజరా వెళ్ళిపోయింది. పాండురంగారావు ఆ పొగనే చూస్తూ ఉండిపోయాడు. మూత మళ్ళీ గట్టిగా బిగించి, ఇంజను కాసేపు నడిపి, మూత తీసి అరచెయ్యి ఆ నోటికి అడ్డం పెట్టాడు. ట్యాంకు అరచేతిని లోపలికి పీల్చింది.

చెవులు పనిచేసేవాడైతే మూత తీసిన ప్రతిసారీ ఉస్సుమని లోపలికి గాలి పోవడం విని ఉండేవాడు. డీజిల్ తగ్గుతున్నకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు డీజిల్‌ని పట్టి ఉంచుతుంది, బయటికి వదలదు. తక్కువ తాగేటప్పుడు ఎలాగో సరిపెట్టుకునే ఇంజను, లోడు మీద గటగటా తాగబోతే దొరక్క చస్తుంది. వెనకటి రోజుల్లో మూత వదులుగా ఉండి దాని సందుల్లోంచే గాలి పోయేది. ఒడ్డున ఉన్నప్పుడు కొత్త రబ్బరు వాషరు వేసి బిగించింది తనే. ఇందాకటి నుంచీ ఇంజనుని లేపింది తన పనితనం కాదు. పని మొదలుపెట్టే ముందు మూత తీసే అలవాటు. ఆ మెప్పు ఒకసారి ఫిల్టరుకి ఇచ్చాడు, ఒకసారి తన పిడికిలికి ఇచ్చాడు.

ట్యాంకుకి గాలి పోవడానికి ఒక సన్నటి గొట్టం పైకి వచ్చి, డ్రైవరు కూర్చునే చోటు వెనక, కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. పాండురంగారావు పైకి పరిగెత్తి దాన్ని పట్టుకున్నాడు. గొట్టం మూతి ఉండవలసిన చోట నీలం రంగు గడ్డ ఒకటి ఉంది. గొట్టంలో భాగమే అన్నట్టు నున్నగా, గట్టిగా. కత్తితో గీకాడు. నీలం కింద పసుపుపచ్చటి గుడ్డ.

"ఇదెవడు కట్టాడ్రా?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"మీ మావేనన్నా," అన్నాడు అజయ్ బాబు. "ముడుపు. రంగులెయ్యకముందే కట్టాడు. ముడుపు ఇప్పగూడదు గదా, రంగేసేవోడు దాని మీదే పూసుకుంటా పోయాడు."

"ఏం ముడుపు?"

"నాగరత్నమ్మక్క గురించి."

"సరిగా చెప్పు!"

"నీ చెయ్యి దిగాలని మొక్కుకున్నాడన్నా. సంవత్సరం పాటు నువ్వు అక్క మీద చెయ్యెత్తకపోతే గంగమ్మకి కోడిని కోసి తనే ఇప్పుతానన్నాడు. నువ్వు కూకునే చోటుకి దగ్గర్లో ఉండాలని ఆ గొట్టానికి కట్టాడు."

పాండురంగారావు చెయ్యి లేచింది. అజయ్ బాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూశాక చెయ్యి ముందుకి పోలేదు, వెనక్కీ రాలేదు, అలాగే గాల్లో ఉండిపోయింది. అతనికి సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది. తన మీద మొక్కుకోవలసి వచ్చిందని ఊరందరికీ తెలుసు, తనకొక్కడికే తెలియదు.

కత్తితో గుడ్డ కోశాడు. రూపాయిబిళ్ళ, పసుపుకొమ్ము, ఎర్ర గాజుముక్క ఒకటి అరచేతిలో పడ్డాయి. ఆ గాజు ఎప్పుడు పగిలిందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. అలాంటి రోజులు చాలానే ఉన్నాయి. మూడింటినీ జేబులో వేసుకుని ఇంజను వేశాడు.

ఈసారి అది దిగలేదు. బరువు పెరిగినకొద్దీ గొంతు పెంచింది. తాళ్ళు బిగిసి కూశాయి, బోటు వణికింది, అయినా ముందుకే పోయింది. వల పైకి వచ్చి విప్పగానే చందువలు, మాగలు, టైగర్ రొయ్యలు చెక్కల మీద కుప్పగా పడి ఎగిరెగిరి కొట్టుకున్నాయి. కిరణ్ కుమార్ మోకాళ్ళ లోతు చేపల్లో నిలబడి కేకలు పెట్టాడు. ఓడరేవు డ్రైవరు ఇక రాడు. పాండురంగారావు మాత్రం నవ్వలేదు. వంటగది వైపు నడుస్తూ, చెప్పవలసిన మాటని లోపల ఒకటి రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. అలాంటి మాట అతని నోటివెంట ఎప్పుడూ రాలేదు.

చెంచురామయ్య పాత వల మడత మీద గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. చెవి వెనక నల్లగా కమిలి ఉబ్బింది.

"మావా. నీళ్ళు కాదు మావా."

కదల్లేదు. తనలాగే ముసలివాడికీ వినపడలేదేమో అనుకుని గొంతు పెంచాడు. "నీ తప్పేం లేదు. నాదే. లే, లేచి నాలుగు తిట్టు." భుజం కుదిపాడు. అలవాటు కొద్దీ చెంప మీద తట్టాడు. తల ఎటు తిరిగితే అటే ఉండిపోయింది.

పాండురంగారావు వంగి ఎడమ చెవి ముసలివాడి గుండెకి ఆనించాడు. చెవి నిండా ఇంజను మోతే. ఏమీ తెలియడం లేదు. ఇంకా గట్టిగా ఆనించాడు. అదే మోత.

"ఇంజనాపండ్రా!" అని అరిచాడు. "ఆపండి! ఆపెయ్యండి!"

ఇంజను ఆగింది. అలలు చెక్కల్ని తట్టడం తప్ప ఇంకే చప్పుడూ లేదు. అతను మళ్ళీ చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉన్నాడు. అన్నదమ్ములు వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డారు.

పొయ్యి పక్కన, బోటు ఊగినా జారిపోకుండా తాడుచుట్ట మధ్యలో, మూతపెట్టిన స్టీలు పళ్ళెం ఒకటి ఉంది. పాండురంగారావు మూత తీశాడు. ఒకరికి సరిపడా అన్నం, పక్కన అల్లుడి కోసం తీసిపెట్టిన వంజరం తలకాయ. పులుసు చల్లారి, పైన నూనె తేరుకుని ఉంది.